ఆవిడ ఎత్తు

ఫోనులో కంపెనీ ఫిజియో అమ్మాయి వెన్న అంది. చెవులాయనకి అలాగే వినిపించింది, ఆయన భుజం మీదుగా ఫోనులోకి తల దూర్చిన అక్కకీ అలాగే వినిపించింది. నాలుగు చెవులు కలిసి ఒకే మాట విన్నాక ఇంక దానికి అప్పీలేముంది. సిగ్నలు గరగరమంటూనే ఉంది. పదకొండింటికి వీడియోలో వస్తాను సార్, కొలత టేపు దగ్గర పెట్టుకోండి, ముందు మీ వెన్న సంగతి చూద్దాం, అది సరిగ్గా ఉంటే మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయి, అని చెప్పి కట్టయిపోయింది. అక్కా తమ్ముడూ మొహమొహాలు చూసుకున్నారు. తిమ్మిరెక్కిన చేతికి రాయడానికేమోరా అంది అక్క. కాదు కాదు, కుర్చీ కిర్రుమంటోందని చెప్పావేమో, కీళ్ళల్లో పెట్టడానికి, కుర్చీ కీళ్ళో నీ కీళ్ళో మరి. మళ్ళీ ఫోను చేసి అడుగుదామంటే అక్క ఒప్పుకోలేదు, వీళ్ళకేం తెలీదనుకుంటారట. తనే చెప్పులేసుకుని వెళ్ళి రెండు ప్యాకెట్లు పట్టుకొచ్చి, ఆపరేషనుకి కత్తీ దూదీ సర్దినట్టు బల్లమీద కొలత టేపు పక్కన సర్ది, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇంకా గంటుంది. చెవులాయన వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. కూర్చున్నాడనడం మర్యాదకి, మడతపెట్టుకున్నాడనడం నిజం. నిచ్చెనకి చొక్కా తొడిగినట్టుండే మనిషి పొట్టిమనిషి కోసం దించిన కుర్చీలో కూర్చుంటే మోకాళ్ళు వెళ్ళి బల్లని పలకరిస్తాయి, మోచేతులు గాలిలో వేలాడతాయి, భుజాలు చెవుల దాకా లేస్తాయి. లేవనీ, ఆ చెవులే కదా తిండి పెడుతున్నాయి. ఆ పేరు రావడానికి అవేం చేటలు కావు, మామూలు చెవులే, కాకపోతే అద్దెకి తిరుగుతాయి. ఎవరో ఎక్కడో మీటింగుల్లో మాట్లాడుకున్నవీ, పోట్లాడుకున్నవీ, దగ్గినవీ, నసిగినవీ రికార్డు చేసి పంపుతారు. ఆయన హెడ్‌ఫోను తగిలించుకుని ఒక్కో ముక్కా విని టైపు కొట్టి పంపుతాడు. ఒకడి నోట్లోంచి ఊడిపడ్డ మాట ఆయన చెవిలో పడి వేళ్ళ మీద లేస్తుంది. అలాంటి చెవులకి వెన్నేమిటి? పాడు సిగ్నలు. సిగ్నలేనా? మొన్నటికి మొన్న ‘ఆదాయం’ అన్నచోట ‘ఆ దయ్యం’ అని కొట్టి పంపాడు, కంపెనీకి ఈ ఏడు ఆ దయ్యం రెట్టింపయిందని. వాళ్ళు నవ్వలేదు. ఆవిడుంటే నవ్వేది. నవ్వి, దిద్ది, అసలు వాళ్ళ దాకా పోనిచ్చేది కాదు.

ఆవిడ, అంటే ఆయన భార్య, విన్నాక గానీ ఆయన విన్నది విన్నట్టు లెక్క కాదు. అదీ ఆ ఇంటి పద్ధతి. సాయంత్రం ఆయన టైపు కొట్టేవాడు, మర్నాడు పొద్దున ఆవిడ అదే రికార్డు పెట్టుకుని దిద్దేది, మధ్యాహ్నం భోజనాల దగ్గర కూరకంటే ముందు తప్పులు వడ్డించేది. మీరు విన్నది ఇదీ, ఆయనన్నది ఇదీ. మీరు విన్నది ‘తల తీస్తాం’, ఆయనన్నది ‘తలుపు తీస్తాం’, పాపం పెద్దమనిషిని హంతకుణ్ణి చేసేశారు, నేను ఉరి తప్పించాను. కూతురు పడీపడీ నవ్వేది. మాట అందకపోతే ఆ చోట బ్రాకెట్లో ‘వినపడలేదు’ అని పెట్టొచ్చు, కంపెనీ ఒప్పుకుంటుంది. ఆవిడ ఒప్పుకునేది కాదు. వినపడలేదని చెప్పడానికి గోడ చాలదా, మనిషెందుకు అని, వెనక్కి తిప్పి, మళ్ళీ తిప్పి, హెడ్‌ఫోను రెండు చేతులా అదిమిపట్టి, కళ్ళు మూసుకుని, చివరికి ఆ మాటని తోక పట్టుకుని బయటికి లాగేది. లాగాక ఒక నిట్టూర్పు వదిలేది, పళ్ళ సందుల్లోంచి సన్నగా, స్స్ మని. ఆ చప్పుడు పక్కగదిలోకి వినిపించేది. దొరికిందిరా బాబూ అనుకునేవాడు.

ఇప్పుడాయన పంపే ప్రతి ఫైలూ జల్లెడే, ఎక్కడ చూసినా కన్నాలు, వినపడలేదు, వినపడలేదు, వినపడలేదు. ఏమిటండీ ఇది అని కంపెనీ వాళ్ళు అడిగితే చెయ్యి తిమ్మిరండీ అన్నాడు. అబద్ధం కాదు, కుడిచెయ్యి మోచేతి నుంచి చిటికెనవేలి దాకా ఆయన మాట వినడం మానేసి చాలాకాలమైంది. ఇంట్లో అందరి చెవులూ చేతులూ సమ్మె చేస్తున్నాయన్నమాట. కంపెనీ వాళ్ళు తిట్టలేదు, తిడితే బావుండేది. మా ఫిజియోథెరపిస్టు వీడియోలో మీ కుర్చీ, బల్ల, మీరు కూర్చునే తీరూ చూస్తుంది, తను చెప్పినట్టు అమర్చుకుంటే సరే, లేకపోతే మీ పని ఇంకొకరికి ఇవ్వాల్సొస్తుంది అన్నారు. ఉద్యోగం నిలబడాలంటే మనిషి సరిగ్గా కూర్చోవాలట. ఇన్నేళ్ళొచ్చాక కూర్చోవడంలో పరీక్ష. పరీక్షకి భయం లేదు, ఆ అమ్మాయి ఏం చెప్తుందో తెలుసు కాబట్టే భయం. చూసిన మరుక్షణం చెప్తుంది, కుర్చీ ఎత్తమని. ఎవరైనా చెప్తారు, గుడ్డివాడైనా తడిమి చెప్తాడు.

ఈ కుర్చీ ఆఫీసుదే. ఒకప్పుడు ఆఫీసుండేది, వీళ్ళిద్దరూ పక్కపక్క బల్లల దగ్గర పనిచేసేవారు. ఆఫీసు మూసేసి అందరినీ ఇళ్ళకి తోలినప్పుడు తలా ఒక కుర్చీ పట్టుకెళ్ళమన్నారు, వీళ్ళిద్దరిదీ ఒకే అడ్రసు కాబట్టి ఒకటే ఇచ్చారు. మొగుడూపెళ్ళాలు కదా, సర్దుకుంటార్లే అన్నాట్ట స్టోరు ఆయన. ఆయనకి పెళ్ళయినట్టు లేదు. ఆవిడ నిలబడితే ఈయన చంకలోకొస్తుంది. పొద్దున తను కుర్చీ దించేది, సాయంత్రం ఈయన ఎత్తేవాడు, ఆవిడ ఎత్తుకి ఈయన పైఎత్తు. నా కుర్చీ ఎవరు పెంచారు, నా కాళ్ళు ఉయ్యాలూగుతున్నాయి అని ఆవిడ. నా మోకాళ్ళు నా మొహంలో మొహం పెట్టి చూస్తున్నాయి అని ఈయన. చివరికోరోజు ఆవిడ గోళ్ళరంగు సీసా పట్టుకుని నేలమీద బోర్లా పడుకుని, తన ఎత్తుకి దించినప్పుడు కుర్చీ నడిమి కడ్డీ మీద సీటుతోపాటు జారే ప్లాస్టిక్ తొడుగు అంచు ఎక్కడికొస్తుందో సరిగ్గా అక్కడ ఎర్రగీత గీసింది. మీది మీరు గీసుకోండి అంది. ఈయన ఆ పైన పెన్నుతో నీలంగీత గీశాడు. అక్కడితో పోట్లాట లేదు. పోట్లాట పోయినందుకు ఇద్దరూ కొన్నాళ్ళు దిగులుపడ్డారు కూడా, భోజనాల దగ్గర మాటల్లో ఉప్పు తగ్గి.

చెవి కింద వదిలేశారు అనేది. రోజూ అనేది. ఈయన పక్కగదిలో గడ్డం గీసుకుంటుంటే తను ఈ కుర్చీలోంచే, హెడ్‌ఫోను ఒక చెవి మీంచి జరిపి, ఎడమచెవి కింద వదిలేశారు చూడండి అని కేకేసేది. తడుముకుంటే నిజంగానే గరుగ్గా తగిలేది. ఎలా తెలుస్తుందోయ్ నీకు అంటే, బ్లేడు చప్పుడు బట్టి అనేది. నమ్మాడు. అంతటి చెవులకి అదో లెక్కా అనుకున్నాడు. ఆ రోజు పొద్దున మాత్రం కేక రాలేదు. హెడ్‌ఫోనులోంచి సన్నగా, చీమ మాట్లాడినట్టు, ఎవడో బడ్జెట్టు మీటింగువాడి గొంతు వినిపిస్తూనే ఉంది. గొంతు వినిపిస్తోంది కాబట్టి ఆవిడ పనిలో ఉందనుకున్నాడు. ఏదో మాట దొరక్క తిప్పుతోందిలే అనుకున్నాడు. రెండో బుగ్గ కూడా గీసుకున్నాడు, కూనిరాగం తీశాడు, తువ్వాలు దులిపి ఆరేశాడు. ఆవిడ మంచినీళ్ళకని లేచి వంటింటి గుమ్మంలో పడుంది. హెడ్‌ఫోను కుర్చీ చెయ్యికి వేలాడుతూ, ఎవరూ లేని కుర్చీకి బడ్జెట్టు ఒప్పజెప్తోంది. గుండె, అక్కడికక్కడే, పక్కనున్నా ఎవరూ చేయగలిగేది లేదు అని డాక్టరు చెప్పాడు. ఆ ముక్క మాత్రం ఎన్నిసార్లు వెనక్కి తిప్పినా చెవులాయనకి వినపడదు.

వచ్చినవాళ్ళంతా వెళ్ళాక, ఇల్లు ఇల్లంత ఖాళీ అయ్యాక, మొదటిసారి వచ్చి ఈ కుర్చీలో కూర్చున్నాడు. అలవాటుగా చెయ్యి కిందికి వెళ్ళింది, మీట దాకా వెళ్ళి ఆగిపోయింది. ఈ ఎత్తు ఆవిడ పెట్టిన ఎత్తు. ఆవిడ చేతులతో చివరగా చేసిన పని ఇదొక్కటే చెక్కుచెదరకుండా మిగిలింది. గిన్నెలు అక్క తోమేసింది, దుప్పట్లు కూతురు ఉతికేసింది, దువ్వెన ఎవరో తీసేశారు. మీట లాగితే ఒక్క క్షణం, హుస్, అయిపోతుంది. వంగి గీత వంక చూడను కూడా చూడలేదు, చూస్తే కళ్ళతోనే చెరిగిపోతుందేమోనన్నట్టు. అలాగే మడతపడి కూర్చున్నాడు. కూర్చోగానే కింద ఎక్కడో వినిపించింది, సన్నగా, పళ్ళ సందుల్లోంచి వచ్చినట్టు, స్స్ మని. అప్పట్నుంచీ రోజూ అంతే. కూర్చున్నప్పుడల్లా ఆ నిట్టూర్పు. దొరికిందా, అని అడుగుతాడు. వెనక్కి ఆనుకోవాల్సిన కుర్చీలో ముందుకి వాలి, ఏవేవో అనుకుంటూ. కూతురు గుమ్మంలోంచి చూసింది ఒకసారి, మోకాళ్ళూ భుజాలూ ఒక్కటైన నాన్నని. మర్నాడు అత్త దుమ్ము తుడవబోతే, అది అమ్మ ఎత్తు, ముట్టుకోకు అత్తా, అందట.

ఆ కూతురే ఇప్పుడు గదంతా తిరుగుతోంది. ఎక్కడో చదివింది, ఇంట్లో పనిచేసేచోటు ఎలా ఉండాలో. వెలుతురు వెనకనుంచి కాదు పక్కనుంచి రావాలట, కిటికీ పక్కకొచ్చేలా బల్లని తిప్పింది. మణికట్టు వంగకూడదట, కీబోర్డు ముందుకి లాగింది. స్క్రీను పైఅంచు కళ్ళకి సమానంగా ఉండాలట, ఇంట్లో ఉన్న నిఘంటువులన్నీ దొంతర పేర్చి దానిమీదకి ఎక్కించింది. ఇన్నాళ్ళకి చదువు మనల్ని పైకి తెచ్చిందే అన్నాడు చెవులాయన. నవ్వింది, సగం. ఎన్ని పెట్టాలి నాన్నా అని అడిగి, చేతిలో ఇంకో నిఘంటువుతో ఆగిపోయింది. ఎవరి కళ్ళకి సమానంగా అన్నది ఇద్దరూ అడగలేదు. కుర్చీ కొత్తగా కొలిస్తే స్క్రీను మళ్ళీ మారుతుంది. అన్నీ కుర్చీతోనే మొదలట. బల్ల చుట్టూ తిరిగింది గానీ కుర్చీని మాత్రం, నిద్రపోతున్న మనిషి పక్కనుంచి వెళ్ళినట్టు, తగలకుండా వెళ్ళింది. ఎండ పక్కనుంచే వస్తోంది, చదివినట్టే, సరిగ్గా వెన్న ప్యాకెట్ల మీద. మూలలు మెత్తబడుతున్నాయి. కరగడానికి దానికేం, వెన్న. మనిషికి కదా కష్టం. చెయ్యి లాగేస్తోంది. పని పోతే పోనీ అనుకుందామా. పని పోతే హెడ్‌ఫోను పోతుంది, ఆవిడ చెవుల వెచ్చదనం తగిలిన ఆ స్పాంజి ముక్కలు పోతాయి, కుర్చీ కూడా కంపెనీదే, అదీ అడుగుతారు. ఉంచుకోవాలంటే ఎత్తాలి. ఎత్తితే ఉంచుకున్నట్టు కాదు.

ఫోను మోగింది. తెరమీద ఫిజియో అమ్మాయి, జుట్టు బిగించి కట్టుకుని, చలాకీగా. ఇప్పుడు సిగ్నలు అద్దంలా ఉంది. నమస్కారం సార్, ముందు మీ వెన్ను చూపించండి, పక్కకి తిరిగి కూర్చోండి అంది. వెన్ను. చెవులాయన మనసులో ఎవరో టక్కున దిద్దినట్టయింది, మీరు విన్నది ఇదీ. అప్పటికే ఆలస్యమైంది, అక్క వంటింట్లోంచి గబగబా వచ్చి, ప్యాకెట్టు కెమెరా కంటికి ఆనించి, ఇదిగోండి, ఉప్పులేనిదే తెచ్చాను అంది. తెరంతా పచ్చగా అయిపోయింది. ఏమిటండీ అది అంటోంది ఆ అమ్మాయి. తర్వాత చెప్తానమ్మా అని ఆయన అక్కని పక్కకి జరిపి, పక్కకి తిరిగి కూర్చున్నాడు. ఆ అమ్మాయి తెరకి దగ్గరగా వంగింది. ఆ తర్వాత, చాలా మెల్లిగా, సార్, ఇలాగే కూర్చుంటున్నారా ఇన్నాళ్ళూ, అంది. చెయ్యి కాదు సార్, మీ ఒళ్ళంతా తిమ్మిరెక్కాలి. నేలనుంచి సీటు ఎత్తెంతో చెప్పండి, కొలుద్దాం.

కూతురు కొలత టేపు పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. తలొంచి కుర్చీ కిందికి చూసింది. చాలాసేపు చూసింది.

"నాన్నా, గీత లేదు."

లేకపోవడమేమిటి, గీతమీదే కదా ఉంది, సరిగ్గా చూడవే అన్నాడు. తొడుగు అంచు దగ్గర చూడు, ఎర్రగా ఉంటుంది. లేదు నాన్నా, ఉత్త కడ్డీయే ఉంది, గీత ఎక్కడో లోపల మునిగిపోయింది. లేచి మీట లాగండి సార్, అసలు పైకొస్తుందో లేదో చూద్దాం అంది తెరమీద అమ్మాయి, ఏమీ తెలీక. లేచాడు. ఇన్నాళ్ళూ ఆగిన చెయ్యి కిందికి వెళ్ళింది. కూతురు చెయ్యి అడ్డం పెడుతుందేమోనని చూశాడు, పెట్టలేదు. లాగాడు. కుర్చీ బద్ధకంగా, మూలుగుతూ లేచింది. తొడుగులోంచి బయటికొచ్చింది ఎర్రగీత, నూనె మసి అంటుకుని, ఒకచోట వెంట్రుకవాసి పెచ్చు లేచి, వంకర లేకుండా. ఆయన ఇన్నాళ్ళూ కూర్చున్న చోటుకి బెత్తెడు పైన. దాని పైన నీలంగీత. కూర్చున్నాడు. స్స్. కుర్చీ దిగింది. కుర్చీ కడ్డీలో గ్యాస్ కారుతోంది సార్, ఆ చప్పుడు నాకే వినిపిస్తోంది, మీకు వినపడలేదా, మీ బరువుకి రోజూ కొంచెం కొంచెం కుంగిపోయుంటుంది, అంది ఆ అమ్మాయి.

అంటే ఈ ఎత్తు ఆవిడది కాదు. ఎవరిదీ కాదు. ఆవిడ పెట్టినదాన్ని కాపాడుతున్నానని కూర్చుని కూర్చుని, కూర్చోవడంతోనే పాడుచేశాడు. ఏ రోజు దాటాడో గీత, ఎప్పుడు ఆవిడ ఎత్తు అడుగున పడిందో, ఒంటికే తెలీలేదు. నిట్టూర్పు నిట్టూర్పు కాదు, కన్నం. మీట లాగాడు, ఎర్రగీత దాకా తెచ్చాడు, కూర్చున్నాడు, దిగిపోయింది. లేచాడు, లాగాడు, ఈసారి నెమ్మదిగా, అంచుమీద, దొంగలా కూర్చున్నాడు. దిగిపోయింది. మళ్ళీ. తెరమీద అమ్మాయికి ఒక పెద్దమనిషి చెక్కగుర్రం ఎక్కినట్టు లేస్తూ కూర్చుంటూ కనిపిస్తున్నాడు. నవ్వాలో వద్దో తెలీక పెదవి కొరుక్కుంది. అక్క వెన్న ప్యాకెట్టు గుండెకి హత్తుకుని నిలబడింది.

చెవులాయన ఆగాడు. ఆయాసం తీర్చుకున్నాడు. కుర్చీని బాగా పైకి, నీలంగీత దాకా లేపాడు.

"కింద నువ్వు చూస్తుండు తల్లీ. ఎర్రగీత లోపలికెళ్ళేటప్పుడు చెప్పు."

కూతురు నేలమీద బోర్లా పడుకుంది, వాళ్ళమ్మ పడుకున్నట్టే, చెంప నేలకానించి. ఆయన కూర్చున్నాడు. పాదాలు నేలకి పూర్తిగా ఆనాయి, భుజాలు చెవులకి సెలవిచ్చి దిగాయి, మోచెయ్యి బల్లతో సమానమైంది. ఇదిగో సార్, ఇదీ మీ ఎత్తు, కదలకండి అంటోంది ఆ అమ్మాయి. కదలడం ఆయన చేతుల్లో లేదు. స్స్. చాలా మెల్లిగా, నీళ్ళు దిగినట్టు, కిటికీ గడప పైకి లేస్తోంది, నిఘంటువులు లేస్తున్నాయి, బల్ల దగ్గరవుతోంది. ఆవిడ తల ఉండేచోటు అంచనా వేసుకుని మెడ కూడా ఆ కాస్తా వంచాడు.

"ఇప్పుడు" అంది కింద నుంచి కూతురు.

కళ్ళకెదురుగా, వెనక చెక్క లేని పుస్తకాల బీరువా రెండు చెక్కల మధ్య జానెడు సందు. అందులోంచి పక్కగది తలుపు, తలుపులోంచి గోడమీద అద్దం. ఆయన గడ్డం గీసుకునే అద్దం. ఇంత పొడుగు మనిషి పొడుగ్గా కూర్చుంటే పైచెక్క అడ్డం, కుంగి కూర్చుంటే కిందిచెక్క అడ్డం. ఈ ఒక్క ఎత్తులోంచే కనిపిస్తుంది. బ్లేడు చప్పుడు కాదు. చూసేది. రోజూ పొద్దున్నే మీటింగులవాళ్ళ గోల చెవుల్లో పెట్టుకుని, ఈయన మూతి వంకర్లు తిప్పడం, కూనిరాగం తీయడం, చెవి కింద వదిలేయడం, అన్నీ చూస్తూ దిద్దుకునేది. కిందిచెక్క మెల్లిగా లేచి అద్దాన్ని మూసేసింది.

సార్, ఏమైంది సార్, ఎందుకలా ఎక్కి దిగుతున్నారు అంటోంది తెరమీద అమ్మాయి. అక్క ముందుకొచ్చి, ఒరేయ్, ఈ వెన్న ఎప్పుడు రాయాలో అడగరా, కరిగిపోతోంది, అంది. కూతురు నేలమీదే లేచి కూర్చుంది, చెంపకి దుమ్ముతో. అందరూ ఆయన వంకే చూస్తున్నారు. చెవులాయన గొంతు సవరించుకున్నాడు. భోజనాల దగ్గర ఆవిడ చదివినట్టే, వేలు మడుస్తూ మొదలుపెట్టాడు.

"అక్కా, మనం విన్నది వెన్న. ఈ అమ్మాయన్నది వెన్ను. వీపులో ఉండేది." అక్క ప్యాకెట్టు వంక చూసుకుని, ఉప్పులేనిది కూడా ఖరీదేరా, అని బల్లమీద పెట్టేసింది. ఆయన రెండో వేలు మడిచాడు. "నేనూ, నా కూతురూ అనుకున్నది వాళ్ళమ్మ ఎత్తు. ఉన్నది గ్యాస్ కారిన కుర్చీ. అందుకే ఎవర్నీ ముట్టుకోనివ్వలేదమ్మా, అందుకే నా చెయ్యిలా అయింది." తెరమీద అమ్మాయి మొహంలో చలాకీతనం మెల్లిగా దిగిపోయింది. మూడో వేలు మడవడానికి చాలాసేపు పట్టింది. "ఆ రోజు గడ్డం గీసుకుంటూ నేను విన్నది, ఆవిడ పనిలో ఉందని. అసలున్నది..." పెదాలు కదిలాయి.

"సార్, చివరిది వినపడలేదు" అంది ఆ అమ్మాయి.

వినపడలేదని చెప్పడానికి గోడ చాలదా. చెవులాయన వెన్ను నిటారుగా వెనక్కి ఆనించాడు. అక్క వైపు, కూతురి వైపు, తెర వైపు చూసి, ఒక్కో అక్షరం విడదీసి, టైపు కొట్టేవాళ్ళకి అందేలా మళ్ళీ చెప్పాడు.

"ఆవిడ లేదమ్మా. లేచి నీళ్ళకెళ్ళింది, పోయింది. ఈ కుర్చీలో ఏ ఎత్తులోనూ లేదు. మీరు నా ఎత్తు రాసుకోండి."